గింజ దొరకని పురుగు

అక్క ఫోన్ చేసినప్పుడు నేను పురుగులను నూరుతున్నాను. చేతులకు తొడుగులున్నాయి కాబట్టి ఫోన్ ఎత్తలేదు. అది అబద్ధం కాదు. అయితే తొడుగు విప్పడం ఎంతసేపు పనో నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. బల్ల మీద ఫోన్ కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. నేను నూరుతూనే ఉన్నాను.

నా పని పుచ్చు పురుగులతో. అలసందల డబ్బా మరిచిపోయి ఎప్పటికో తెరిస్తే గింజలకు గుండ్రటి కన్నాలుంటాయి, అడుగున పొడి ఉంటుంది, ఆ పొడిలో నువ్వుగింజంత పురుగులు నడుస్తుంటాయి. అవే. జనం ముఖం చిట్లించి పారబోసేవాటిని మేము వెచ్చటి పెట్టెల్లో, మూతలకు వల బిగించిన గాజు గిన్నెల్లో పెంచుతాం. మా గదికి కిటికీ లేదు. పెట్టెల హోరు ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం బయటికొచ్చాక చాలాసేపటిదాకా వీధి కూడా అలాగే హోరెత్తుతున్నట్టుంటుంది నాకు.

ఈ పురుగుకు ఒక విచిత్రం ఉంది. గింజను తొలుచుకుని బయటపడ్డాక అది ఏమీ తినదు, తాగదు. లోపల ఉన్నప్పుడు తిన్నదే దాని ఆస్తి. నడక, జత, గుడ్లు, చావు, అన్నీ అందులోంచే. పిండి కొద్దీ రొట్టె. జత కట్టిన ఆడపురుగుకు గింజలిస్తే వాటి మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు అంటించి, ఖాళీ అయి, తొందరగా చచ్చిపోతుంది. గింజలివ్వకపోతే గుడ్లను కడుపులోనే ఆపుకుని ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

ఎందుకు బతుకుతుంది? మా సారు ఉద్యోగమంతా ఈ ప్రశ్న మీదే గడిచింది. ఆయన చెప్పేది సులువైన లెక్క. బతికున్న ఒళ్లు ఒక పొయ్యి. మంట ఉన్నచోట రవ్వలు ఎగురుతాయి. ఆ రవ్వలు ఒంట్లోని కొవ్వును పాత సీసాలో నూనెలా కనరెక్కిస్తాయి. వాటిని ఆర్పే కాపలా సరుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. రవ్వలు ఎక్కువై కాపలా చాలకపోతే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. గుడ్లు తయారు చేయడం, పెట్టడం పెద్ద పని. పనికి మంట కావాలి, మంటతో రవ్వలు పెరుగుతాయి. అందుకే కన్నది త్వరగా ముసలిదవుతుంది, ఆపుకున్నది నిలుస్తుంది. దాన్ని రుజువు చేయడానికి పురుగులను నూరి, ఒక ద్రావణం కలిపి, వేడి చేస్తాం. కొవ్వు ఎంత కనరెక్కి ఉంటే గొట్టంలో గులాబీరంగు అంత చిక్కగా వస్తుంది. ముసలితనానికి మేము చూసే రంగు అది. అంత అందమైన రంగు దానికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు.

తొడుగులు విప్పాక నేను అక్కకు ఫోన్ చేయలేదు. ఆమె ఏం అడుగుతుందో తెలుసు.

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు నేను ఇంకా జడ వేసుకోవడం రాని పిల్లను. నాన్న ఉన్నాడు గానీ ఇంట్లో ఉన్న కుర్చీలా ఉన్నాడు. నన్ను పెంచింది అక్కే. నా చదువు పూర్తయ్యేదాకా పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఎత్తినవాళ్లను "దీన్నెవరు చూస్తారు?" అని తరిమింది. బావతో పెళ్లయ్యేసరికి ఆమె జుట్టులో తెల్లవెంట్రుకలు దాచే దశ దాటిపోయింది. ఇప్పుడు డాక్టరు చెప్పింది: గర్భసంచి బాగానే ఉంది, అండాలే అయిపోయాయి. ఎవరైనా ఇస్తే మోయగలరు. చెల్లెలిదైతే మరీ మంచిది.

ఆ మాట చెప్పినప్పుడు అక్క నా ముఖం చూడలేదు. కుట్టుమిషన్ మీద వంగి ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది. ఆమెది కొత్తబట్టలు కుట్టే పని కాదు. పొడవైనవి పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం. మనుషులు లావెక్కుతున్నంతకాలం తనకు పనికి లోటు లేదంటుంది.

"ఇప్పుడే చెప్పక్కర్లేదే. ఆలోచించుకో," అంది.

"ఈ విడత పని అయిపోనీ అక్కా," అన్నాను.

ఏ విడత? ఆమె అడగలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పాట. "ఏమే, ఏమంటున్నాయి మీ పురుగులు?" "ఇంకా ఏమీ అనలేదు." అదొక హాస్యంగా మొదలై, పలకరింపుగా మారి, చివరికి ఇద్దరం అలసిపోయిన ఒక అలవాటైపోయింది. వచ్చే సోమవారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆలోపు అవునో కాదో చెప్పాలి.

నా భయం ఏమిటని అడిగితే, నా ఒంటికేమవుతుందోనని అనేదాన్ని. రోజూ సూదులు, ఒక్క నెలలో రావాల్సిన ఒక్క అండానికి బదులు గుత్తిగా పండించడం, మత్తులో తీయడం. చాలామందికి ఏమీ కాదని డాక్టరు అంది. ఆ వాక్యంలో 'చాలామంది' అనే మాట పట్టుకుని నేను వారాలు గడిపాను. పైకి చెప్పని ఇంకో ధీమా కూడా ఉండేది. నా పురుగులు కన్నవే పాడవుతాయని తేలుస్తాయి. అప్పుడు నా బదులు అవే కాదంటాయి. పురుగు వేరు, మనిషి వేరు అని నాకు తెలియక కాదు. తెలిసిన విషయాన్ని పక్కకు తోసి దాని వెనక కూర్చోవడం మనసుకు పెద్ద కష్టం కాదు.

అక్క ఫోన్ ఎత్తని ఆ మధ్యాహ్నమే ఫలితం వచ్చింది. గుడ్లు పెట్టినవాటి గొట్టాలు చిక్కటి గులాబీ. ఆపుకున్నవాటివి నీళ్లలాంటి గులాబీ. పక్కబల్ల మీద పనిచేసే తొందర తొంగిచూసింది. అన్నీ పరుగుమీద చేస్తుందని ఆమెకు ఆ పేరు మేమే పెట్టాం. ఆమె పెళ్లికి కూడా ముహూర్తం కంటే ముందే వెళ్లి కూర్చుందని అంటారు.

"అబ్బ, గీత గీసినట్టు వచ్చిందే! సారు ఇవాళ మనకు టీ ఇప్పిస్తాడు చూడు," అంది.

నాకు సంతోషం వేసింది. వచ్చిన సంతోషం మామూలుది కాదు. మంచి ఫలితం వస్తే తలలో ఒక చల్లదనం ఉంటుంది. ఇది కడుపులో వచ్చింది. ఏదో గండం గడిచినట్టు. అక్కతో ఏమనాలో వాక్యాలు వాటంతట అవే పేర్చుకున్నాయి: 'చూశావా అక్కా, కావాలని కాదు, ఒళ్లు అరిగిపోతుంది, రుజువు ఉంది.' ఆ వాక్యాలు అంత నున్నగా రావడమే నన్ను ఆపింది. నాకు నచ్చిన జవాబు వచ్చినప్పుడల్లా రెండోసారి చూడాలని ఈ వృత్తి నేర్పిన ఒకే ఒక్క మంచి బుద్ధి ఉంది. అది ఆరోజు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. నేను అప్పటికే చాలా అలసిపోయి ఉన్నాను.

గొట్టాలు పక్కన పెట్టి, నూరకుండా మిగిలిన పురుగులను చూశాను. గింజలు దొరకని ఆడపురుగులు గాజు గిన్నె అంచున కదలకుండా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చిన్న గాజు రోట్లో వేసి నొక్కాను. టప్‌మని చిన్న చప్పుడు. రోకలికి జిగురుగా, పసుపుపచ్చగా ఏదో అంటుకుంది. ఈ చప్పుడు నాకు కొత్త కాదు. ఎన్నిసార్లు విన్నానో. గుడ్లు పెట్టిన పురుగు నలిగితే పొట్టులా నలుగుతుంది. ఆపుకున్నది పండులా నలుగుతుంది. ఇన్నాళ్లూ ఆ తేడాను వేలితో తెలుసుకుంటూనే, తలదాకా రానివ్వలేదు.

మేము నూరింది తల్లిని కాదు. తల్లినీ, ఆమె కడుపులో మిగిలిన గుడ్లనూ కలిపి నూరాం.

మా దగ్గర పురుగును ఎప్పుడూ కోయకుండా మొత్తంగానే నూరతారు. అది ఆనవాయితీ. అంత చిన్నదాన్ని ఎవరు కోస్తారు? కానీ గుడ్డు అంటే తల్లి తన దగ్గరున్న కాపలా సరుకు కట్టి పంపే మూట. అందులో కొవ్వు కనరెక్కకుండా భద్రంగా ఉంటుంది. అలాంటి మూటలు నిండిన కడుపును నూరి తూకానికి ఇంత గులాబీ అని లెక్కేస్తే, తల్లి శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎవరి శుభ్రం అది?

సారు గదికి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి వెతుక్కుంటున్నారు, కళ్లజోడునే.

"తల మీద ఉంది సార్."

"ఆ... ఏమిటంటావు?"

"గుడ్లు తీసేసి తల్లిని విడిగా నూరాలి సార్."

"ఏమ్మా, ఊదితే ఎగిరిపోయే పురుగుకు సిజేరియనా?" అని నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆయన ముఖం మెల్లగా మారింది. పాత గొట్టాలన్నీ ఆయన కళ్లముందు వరసగా నిలబడ్డట్టు అనిపించింది నాకు. కాసేపు కిటికీలోంచి బయట ఆగి ఉన్న బండ్లను చూశారు. "నాకెందుకు తట్టలేదు?" అనలేదు. "చేసి చూడు," అన్నారు. "ఏదొస్తే అది వస్తుంది. నాకిప్పుడు గెలవాలనే ఓపిక కూడా లేదమ్మా."

ఆ వారమంతా సూక్ష్మదర్శిని కింద కూర్చున్నాను. ఉప్పునీటి బొట్టులో పురుగును వెల్లకిలా పడుకోబెట్టి, రెండు సన్నటి పట్టకార్లతో చివరి పొరను పట్టి లాగితే గుడ్లు దండలా బయటికొస్తాయి. ఒక్కోసారి దండ తెగుతుంది.  మెడ కొయ్యబారిపోయింది. కళ్లు మూసుకున్నా తెల్లటి దండలే. తల్లులు ఒక గొట్టంలో, గుడ్లు ఇంకో గొట్టంలో. తొందర వచ్చి చూసి, "ఈ ఓపిక నాకుంటే ఇద్దరు పిల్లల్ని కని ఉండేదాన్ని," అంది. తరవాత నాలుక కరుచుకుంది. ఆమెకు మా అక్క సంగతి తెలుసు.

మళ్లీ వేడి చేశాం. గుడ్ల గొట్టాల్లో దాదాపు రంగే లేదు. తల్లులవి మాత్రం, కన్నవైనా ఆపుకున్నవైనా, ఒకే గులాబీ. పక్కపక్కన పెట్టి వెలుతురుకు పట్టుకుంటే ఏది ఏదో చెప్పలేం. ఆపుకున్నవి ఇంకొన్నాళ్లు ఎక్కువ బతుకుతాయన్నది నిజమే, దాన్నెవరూ కాదనలేరు. కానీ దాచుకున్న సొమ్ముతో కాదు. ఒళ్లు వాటికీ అంతే కనరెక్కింది. మరి ఎందుకు బతుకుతాయి? తెలియదు. గింజ కోసం చూస్తూ ఉండటంలోనే ఏదో ఉందేమో. సారు గొట్టాలను అటూ ఇటూ మార్చి చూసి, "మంచి పని," అని మాత్రం అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. మెట్లు దిగుతున్నవాడు చివరి మెట్టు ఇంకా ఉందనుకుని అడుగు వేస్తే నేల తగిలినట్టు ఉంది.

అంటే నా పురుగులు నాకు ఏమీ చెప్పలేదు. ఇవ్వమనలేదు, వద్దనలేదు.

ఆదివారం అక్క ఇంటికి బస్సులో వెళ్తున్నప్పుడు నా లోపలి ముద్దను విప్పడానికి ప్రయత్నించాను. ఇన్నాళ్లూ దాన్ని కూడా మొత్తంగానే నూరుతున్నాను. అక్క అలసట, నా అలసట, డాక్టరు మాట, ఒంటి భయం అన్నీ కలిపి, వచ్చిన రంగుకు 'భయం' అని పేరు పెట్టాను. విడదీస్తే ఏముంది? సూదుల భయం ఉంది, కానీ చిన్నది. పక్కన పెట్టగలిగేంతే. బిడ్డ ఎవరి పోలికతో పుడుతుందో అన్న కలవరం ఉంది. అదీ చిన్నదే. అవన్నీ తీసేశాక అడుగున మిగిలింది చూసి ముఖం తిప్పుకున్నాను. బస్సు అద్దంలో నా ముఖమే ఎదురొచ్చింది.

బావ తలుపు తీశాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఆదివారం కూడా ఎక్కడో ఎవరో ఇరుక్కుపోతారు. సంచీ భుజాన వేసుకుంటూ, "రా మరదలా. మీ అక్క ఇవాళ మాట్లాడే మూడ్‌లో లేదు, అదృష్టవంతురాలివి," అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "నువ్వు ఏది చెప్పినా సరే. కానీ ఏదో ఒకటి చెప్పేయ్. దానికి నిద్ర ఉండటం లేదు."

అక్క కిటికీ దగ్గర మిషన్ ముందు ఉంది. ఎవరిదో కోటు లోపలి కుట్లు విప్పుతోంది. విప్పిన దారపు ముక్కలు ఒడిలో పడి ఉన్నాయి. తల ఎత్తకుండానే, "ఏమన్నాయే మీ పురుగులు?" అంది.

"ఏమీ అనలేదు. తప్పు చేశాం, సరిచేశాం. కన్నా కనకపోయినా ఒకటే రంగు వచ్చింది."

"అంటే?"

"అంటే వాటి వెనక దాక్కోవడానికి లేదు."

అక్క చేయి ఆగింది. "ఎవరు దాక్కోమన్నారే నిన్ను? కాదంటే కాదని చెప్పొచ్చుగా. ఇన్నాళ్లు నానబెట్టావు."

"నీకు కాదని ఎలా చెప్పను? నువ్వెప్పుడైనా నాకు కాదన్నావా?"

"అన్నాను. సైకిల్ అడిగితే కొననన్నాను."

"తరవాత కొన్నావుగా."

"నీ ఏడుపు భరించలేక," అంది. ఇద్దరం నవ్వలేదు గానీ నవ్వుకు దగ్గరగా వచ్చాం. పక్కన స్టూలు మీదున్న బట్టలు కింద పెట్టి కూర్చున్నాను.

"సూదులకు భయపడటం లేదు అక్కా. అనుకున్నాను గానీ, అది కాదు. నీకు బిడ్డ పుట్టకూడదని ఉంది నాకు." మాట బయటపడ్డాక గదిలో ఏమీ మారలేదు. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. "నువ్వు పెంచింది నన్నొక్కదాన్నే. ఇంకొకరు వస్తే నేనేమవుతానో తెలియదు. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అంటావు. నాకూ అదే అనిపిస్తోంది. కానీ ఉన్నది ఇదే."

అక్క కోటు పక్కన పెట్టింది. ఒడిలోని దారాలను వేళ్లతో ఉండ చుట్టింది, మళ్లీ విప్పింది. ఆమె వేళ్ల కణుపులు ఉబ్బాయని అప్పుడే గమనించాను.

"నేనూ ఒకటి చెప్పనా?" అంది చివరికి. "నాకు బిడ్డ కావాలో, ఎవరినో ఒకరిని పెంచుతూ ఉండటం అలవాటైపోయిందో, నాకూ తేలలేదే. నిన్ను ఉద్యోగంలో దింపి ఇంటికొచ్చాక, మర్నాడు పొద్దున్నే నీ క్యారేజీ సర్దే పని లేక ఖాళీ డబ్బానే కడిగాను. అయినా కావాలని ఉంది. దానికేం చేయను?" ఒడిలోని దారాలను దులిపింది. "భయం కూడా ఉంది. నీలాంటిదే పుడితే? ఒక్కసారికే నా నడుం విరిగింది."

"నాలాంటిదే పుడుతుంది. అండాలు నావేగా."

"అదే నా ఏడుపు."

ఈసారి నవ్వొచ్చింది, ఇద్దరికీ. అలసిపోయినవాళ్ల నవ్వు, శబ్దం లేకుండా భుజాలు కదిలేది. అది ఆగాక నేను అన్నాను:

"ఇస్తాను. కానీ సంతోషంగా ఇవ్వడం లేదు. అది తెలిసే తీసుకో. పుట్టాక నేను బిడ్డను ఎత్తుకోకపోతే, రెండు వారాలు ఇటు రాకపోతే, ఎందుకని అడగొద్దు."

అక్క నన్ను అప్పుడు చూసింది. చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో నుదురు తాకకుండానే కనిపెట్టే చూపు అది.

"నవ్వుతూ ఇచ్చి ఉంటే భయపడేదాన్ని," అంది. "జన్మంతా నీ నవ్వు మోయాల్సి వచ్చేది. ఇదైతే ఎవరి బరువు వాళ్లకుంటుంది." తరవాత, సగం తనతో తానే అన్నట్టు, "రేపు పొద్దున్నే రమ్మంది డాక్టరమ్మ. నువ్వు ఎప్పుడూ ఆలస్యమే."

"వస్తాను."

ఆమె కోటును మళ్లీ ఒళ్లోకి లాక్కుని సూది తీసుకుంది. దారం చివరను నోట్లో తడిపి, సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తప్పింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ తప్పింది.  చేయి చాచాను. వారమంతా గుడ్ల దండలు లాగిన వేళ్లు ఇవి. దారం మొదటిసారికే ఎక్కింది. సూది ఆమెకిచ్చాను. అక్క అది అందుకుని, ఇంకా కుట్టడం మొదలుపెట్టకుండా, కుర్చీకి జారగిలబడి కళ్లు మూసుకుంది.

"ఒక్క నిమిషం," అంది.

ఆ నిమిషంలోనే నిద్రపోయింది. గుచ్చుకుంటుందేమోనని సూదిని ఆమె వేళ్లలోంచి మెల్లగా తీసి కోటు మడతకు గుచ్చి, ఆమె లేచేదాకా అక్కడే కూర్చున్నాను.